కడిగి ఆరబెట్టిన ప్లాస్టిక్ డబ్బాలు, కవర్లు నిజంగా రీసైకిల్ అవుతున్నాయా?

వంటింటి_గోల:
అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే ఎక్కువ, రాయడం తక్కువ. నా సందేహం ఏంటంటే, తినే సామాను వచ్చే ప్లాస్టిక్ అంతా, అంటే చిప్స్ కవర్లు, పెరుగు డబ్బాలు, సాస్ సీసాలు, బయటినుంచి తెప్పించుకున్న భోజనం డబ్బాలు, అన్నీ కడిగి ఆరబెట్టి విడిగా పెడుతున్నాను. అడుగున బాణాల త్రిభుజం ఉంటే రీసైకిల్ అయిపోతుందని ధీమాగా ఉన్నాను. మా ఆయనేమో "నువ్వు కడిగే నీళ్ళు దండగ, చివరికి అన్నీ వెళ్ళి ఒకే గుట్టలో పడతాయి" అంటారు. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి, ఇంట్లో రోజూ ఇదే వాదన.

లేబుల్_చదివేవాడు:
ముందు ఆ త్రిభుజం సంగతి చూద్దామండీ. అది రీసైకిల్ అవుతుందన్న హామీ కాదు. 1988లో అమెరికాలో ప్లాస్టిక్ పరిశ్రమ సంఘం మొదలుపెట్టిన గుర్తు అది, లోపలి అంకె వస్తువు ఏ రకం ప్లాస్టిక్‌తో చేశారో మాత్రమే చెబుతుంది. 1 అంటే పెట్, 2 గట్టి పాలిథిన్ (హెచ్‌డీపీఈ), 3 పీవీసీ, 4 మెత్తటి పాలిథిన్, 5 పాలీప్రొపిలీన్, 6 పాలీస్టైరీన్, 7 అంటే పైవాటిలో చేరనివన్నీ. జనం మీలాగే అనుకుంటున్నారనే 2013లో ఆ ప్రమాణాన్ని చూసుకునే ఏఎస్‌టీఎం అనే సంస్థ బాణాలు తీసేసి మామూలు త్రిభుజం పెట్టమంది. అయినా ఉన్న అచ్చులు మార్చే ఓపిక ఎవరికుంది, బాణాలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

వాడుకలో చూస్తే 1, 2 రకం సీసాలకు మంచి గిరాకీ ఉంటుంది. 5కి కొంచెం. 3, 6, 7 జోలికి వెళ్ళేవాళ్ళు చాలా అరుదు.

మొండిఘటం:
మీ ఆయన చెప్పిందే కరెక్ట్. 2017లో ఒక పెద్ద లెక్క వచ్చింది. 1950 నుంచి 2015 దాకా ప్రపంచం తయారుచేసిన ప్లాస్టిక్ 830 కోట్ల టన్నులు, అందులో 630 కోట్ల టన్నులు అప్పటికే చెత్త అయిపోయింది, ఆ చెత్తలో రీసైకిల్ అయింది 9 శాతం, కాల్చింది 12 శాతం, మిగతా 79 శాతం డంపుల్లోనో బయట నేలమీదా నీళ్ళలోనో ఉంది. తర్వాత ఓఈసీడీ అనే ధనిక దేశాల కూటమి 2019 సంవత్సరానికి లెక్కేస్తే అప్పుడు కూడా 9 శాతమే. ఇన్ని ప్రచారాలు, ఇన్ని రంగురంగుల డబ్బాలు పెట్టాక కూడా! ఇంక కడగడం ఎందుకు?

పొరలుపొరలు:
9 శాతం అని అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. నేను ప్యాకింగ్ ఫిల్మ్ తయారుచేసే చోట చాలాకాలం పనిచేశాను, లోపలి సంగతి చెబుతాను, కొంచెం పొడుగవుతుంది.

చిప్స్ కవరు మీకు ఒక్క కాగితంలా కనిపిస్తుంది గానీ అది ఒక్కటి కాదు. పైన పాలీప్రొపిలీన్ ఫిల్మ్, దాని లోపలి వైపు ప్రింటు (బయటికి ఉంటే గీసుకుపోతుందని), తర్వాత జిగురు పొర, ఆ కింద అల్యూమినియం ఆవిరి పట్టించిన ఇంకో ఫిల్మ్, అన్నిటికంటే లోపల వేడి తగిలితే అతుక్కునే పొర. ఆ అల్యూమినియం మందం ఎంతనుకుంటున్నారు, మీటరుని వందకోట్ల ముక్కలు చేస్తే అందులో కొన్ని పదుల ముక్కలంత, అంతే. కానీ అదే గాలిలో ఆక్సిజన్‌ని, తేమని, వెలుతురుని ఆపుతుంది. నూనె వస్తువు కనక ఆక్సిజన్ తగిలితే కంపు కొడుతుంది, తేమ తగిలితే మెత్తబడుతుంది, అందుకే లోపల నైట్రోజన్ నింపుతారు. సాస్ చిన్న సాచెట్లు ఇంకో రకం, పెట్, అల్యూమినియం రేకు, పాలిథిన్. మాంసం, చీజ్ ప్యాకెట్లలో ఈవీఓహెచ్ అని ఒక పొర వేస్తారు, ఆక్సిజన్‌ని ఆపడంలో దానికి సాటి లేదు, కానీ తేమ తగిలితే నీరసపడిపోతుంది, కాబట్టి దాన్ని రెండు పాలిథిన్ పొరల మధ్య దాస్తారు.

ఇంజనీరింగ్‌గా చూస్తే అద్భుతం, చెత్తగా చూస్తే తలనొప్పి. పాలిథిన్ 105 నుంచి 135 డిగ్రీల మధ్య కరుగుతుంది, పాలీప్రొపిలీన్ 160 పైన, పెట్ 250 దాటాలి. అన్నీ కలిపి కరిగిస్తే ఒకదానితో ఒకటి కలవవు, పెట్‌లో పీవీసీ ముక్క పడిందంటే ఆ వేడికి అది మాడి మొత్తం పాడుచేస్తుంది. పోనీ పొరలు విడదీద్దామంటే, గ్రాముల్లో తూగే కవరుకి అంత ఖర్చు ఎవరు పెడతారు? సీసా అయితే ఒకే రకం ప్లాస్టిక్, బరువుంటుంది, ఏరడం తేలిక. అందుకే సీసా అమ్ముడుపోతుంది, కవరు పోదు. మీరు ఎంత మెరిసేలా కడిగినా చిప్స్ కవరు చిప్స్ కవరే.

వంటింటి_గోల:
అమ్మో. కవర్లు కడిగిన నీళ్ళన్నీ వృథానేనా :(

కాగితప్పులి:
ఇంత రామాయణం అవసరమా? ప్లాస్టిక్ మానేసి కాగితం, గాజు వాడితే సరి. ప్లాస్టిక్ రాకముందు జనం తిండి తినలేదా? పాలిథిన్ కనిపెట్టిందే 1933లో, పెట్ సీసాకి పేటెంటు వచ్చిందే 1973లో. అంతకుముందు వేల ఏళ్ళు బతికాం.

అడ్డుప్రశ్న:
బతికాం, నిజమే. అప్పుడు తిండి పండిన చోటికి దగ్గర్లోనే తినేవాళ్ళు. ఇప్పుడు సముద్రాలు దాటి వస్తోంది, వారాల తరబడి అరల్లో ఉంటోంది.

ఇక మీ కాగితం. నూనె, నీళ్ళు తగిలినా తడవని కాగితం చూస్తే అనుమానించండి. కాగితం కప్పు లోపల పాలిథిన్ పూత ఉంటుంది, లేకపోతే కాఫీ కారిపోతుంది. పాలు, పళ్ళరసాలు వచ్చే అట్టపెట్టెల్లో సుమారు 75 శాతం అట్ట, 20 శాతం పాలిథిన్, 5 శాతం అల్యూమినియం. నూనె పీల్చని కాగితాలకైతే చాలాకాలం పీఎఫ్ఏఎస్ అనే ఫ్లోరిన్ రసాయనాలు పూసేవాళ్ళు, అవి ప్రకృతిలో విరిగి పోయే రకం కాదు, ఒంట్లోనూ పేరుకుంటాయి. అమెరికాలో తిండి కాగితాలకి పూసే ఆ రసాయనాల అమ్మకం ఆగిపోయిందని అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్రకటించింది 2024 ఫిబ్రవరిలో, అంటే నిన్నమొన్న. ప్లాస్టిక్ వద్దని ఆ కాగితాలు కొన్నవాళ్ళది పెనం మీంచి పొయ్యిలో పడ్డ కథ.

గాజు మంచిదే, ఒక్క షరతు మీద, సీసా తిరిగి వెళ్ళి కడిగి మళ్ళీ నింపితే. ఒక్కసారి వాడి పారేస్తే మాత్రం గాజుది ప్లాస్టిక్‌కంటే బరువైన పాపం. కరిగించడానికే 1500 డిగ్రీల దాకా వేడి కావాలి, పైగా లారీ మోసేదాంట్లో సీసా బరువే బోలెడు.

కాగితప్పులి:
అంటే ప్లాస్టిక్ కంపెనీల తరఫున మాట్లాడుతున్నారన్నమాట.

అడ్డుప్రశ్న:
ఒకసారి వాడి పారేసే పద్ధతే తప్పు, దేంతో చేశారన్నది తర్వాత అంటున్నాను. దీనికి కంపెనీ తరఫు అని ముద్ర వేస్తే ఏం చెప్పను.

రసాయనం:
ఇద్దరికీ ఇష్టంలేని మాట ఒకటి చెబుతాను. మనం తినే తిండి వల్ల వచ్చే గ్రీన్‌హౌస్ వాయువుల్లో ప్యాకింగ్ వాటా సుమారు 5 శాతమే. మిగతాదంతా పొలం, పశువులు, ఎరువులు, అడవులు కొట్టడం, రవాణా, ఇంకా పారేసిన తిండి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ లెక్కలో 2022లో ఇళ్ళు, హోటళ్ళు, దుకాణాలు కలిపి 105 కోట్ల టన్నుల తిండి పారేశాయి, వాళ్ళదాకా చేరినదాంట్లో ఐదో వంతు దగ్గరదగ్గర. అది డంపులో కుళ్ళితే మీథేన్ అనే గ్రీన్‌హౌస్ వాయువు వస్తుంది. కాబట్టి కవరు వల్ల తిండి పాడవకుండా ఆగితే, వాతావరణం లెక్కలో కవరే గెలుస్తుంది. స్విట్జర్లాండ్‌లో ఎంపా అనే పరిశోధన సంస్థ స్పెయిన్ నుంచి వచ్చే దోసకాయల మీద చూసింది. ఆ పల్చటి ఫిల్మ్ వల్ల వాతావరణానికి జరిగే నష్టంకంటే, దానివల్ల పాడవకుండా మిగిలిన కాయలతో కలిగే లాభం దాదాపు 5 రెట్లు.

నీలిమేఘం:
ఈ దోసకాయ కథ ప్రతి చర్చలోనూ వస్తుంది :) దూరం నుంచి వచ్చే కాయకి ఒప్పుకుంటాను. కానీ బ్రిటన్‌లో వ్రాప్ అనే సంస్థ 2022లో ఆపిల్, అరటిపండు, బ్రకోలీ, దోసకాయ, బంగాళాదుంపల మీద ఇలాంటిదే పరీక్షిస్తే తేలిందేంటంటే, ఇంటికొచ్చాక ఆ కవరు పెద్దగా చేసేదేం లేదు, ఫ్రిజ్‌లో సరైన చల్లదనంలో పెట్టడమే అసలు తేడా. పైగా కవర్లో కట్టేసి అమ్మితే మనకి రెండు చాలినా ఆరు కొంటాం, నాలుగు కుళ్ళిపోతాయి! విడిగా అమ్మితేనే తిండి వృథా కూడా తగ్గుతుందని చెప్పింది. మీద తేదీ లేకపోతే జనం చూసి, వాసన పట్టి వాడతారు, తేదీ ఉంటే బాగున్నదాన్ని కూడా పారేస్తారు. ఐరోపా కొత్త ప్యాకింగ్ చట్టంలో ఒకటిన్నర కిలో లోపు తాజా పళ్ళు, కూరగాయలకి పారేసే ప్లాస్టిక్ కట్టడం 2030 నుంచి ఆపుతున్నారు, కొన్ని మినహాయింపులతో.

ఇంకో విషయం. కార్బన్ లెక్క ఒక్కటే చూస్తే సముద్రం ఎక్కడికి పోయింది? ఆ పోలికల్లో చాలావాటిలో "కవరు ఎగిరి కాలవలో పడితే" అన్న గడే ఉండదు. బరువులో కవరుది గ్రాములే, కానీ తీరాల్లో ఏరినప్పుడు చూడండి. ఎన్నో దేశాల్లో ఒకే రోజు తీరాలు శుభ్రం చేసే కార్యక్రమం ఒకటుంది, ఏళ్ళ తరబడి అందులో సిగరెట్ పీకలే మొదటి స్థానం, 2019లో మొదటిసారి తిండి రేపర్లు వాటిని దాటేశాయి, 47 లక్షలకి పైగా ఏరారు. తేలికగా ఉంటుంది కాబట్టే అది ఎగురుతుంది, విలువ లేదు కాబట్టే ఎవరూ వంగి తీయరు.

రసాయనం:
తీరం మాట ఒప్పుకుంటున్నాను. వాతావరణం లెక్క వేరు, చెత్త లెక్క వేరు, రెండిటినీ ఒకే తక్కెడలో తూచలేం. దోసకాయ మీద కూడా మనిద్దరికీ పెద్ద తేడా లేదు, ప్రయాణంలో కవరు పనిచేస్తుంది, ఇంట్లో ఫ్రిజ్ పనిచేస్తుంది.

మొండిఘటం:
సముద్రం అంటున్నారు గానీ పసిఫిక్‌లో చెత్త తేలే ఆ పెద్ద ప్రాంతంలో బరువు చూస్తే సగానికి దగ్గర చేపల వలలేనట, తిండి కవర్లు కాదు.

నీలిమేఘం:
అది తేలేవాటి బరువు, నడి సముద్రంలో. పెట్ నీళ్ళకంటే బరువు, మునిగిపోతుంది. పల్చటి ఫిల్ముల మీద నాచు పట్టి అవీ దిగిపోతాయి. నడి సముద్రంలో వలలు ఎక్కువ, తీరాల్లో రేపర్లు ఎక్కువ, ఒకటి చూపించి రెండోది లేదంటే ఎలా.

దారినపోయే_దానయ్య:
అంత గొడవెందుకు, పెరట్లో పోసి కాల్చేస్తే పోదూ?

రసాయనం:
దయచేసి ఆ పని చేయకండి. పెరటి మంటకి ఉండే వేడి చాలదు. పీవీసీ ఉంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం, డయాక్సిన్లనే విషపదార్థాలు వస్తాయి, మిగతావి నల్లటి మసి, అది నేరుగా మీ ఊపిరితిత్తుల్లోకి. మిగిలిన బూడిదలో రంగుల్లోని లోహాలుంటాయి, తర్వాత దాన్నే మొక్కలకి వేస్తారు చాలామంది.

పాలపిట్ట:
నేను కొత్త సభ్యురాలిని. మా బాబుకి ఇంకా ఏడాది నిండలేదు. ఈ చెత్త సంగతి సరే, తిండిలోకి ప్లాస్టిక్ దిగుతుందంటున్నారు కదా, వేడి అన్నం ప్లాస్టిక్ డబ్బాలో పెట్టడం, ఓవెన్లో వేడిచేయడం గురించి ఎవరైనా చెప్తారా. డబ్బా మీద మైక్రోవేవ్ సేఫ్ అని ఉంది. ఒకరేమో ఏం కాదంటారు, ఒకరేమో వారానికి క్రెడిట్ కార్డంత ప్లాస్టిక్ తింటున్నామంటారు, చదివితే టెన్షన్ తప్ప ఏమీ లేదు.

రసాయనం:
అమ్మా, క్రెడిట్ కార్డు మాట వదిలేయండి. వారానికి 5 గ్రాములన్న ఆ అంచనా 2019లో వచ్చింది, తర్వాత వేరే శాస్త్రవేత్తలు లెక్కలు సరిచూసి చాలా ఎక్కువ చేసి చెప్పారని తేల్చారు.

అలాగని ఏమీ లేదనుకోకండి. మైక్రోవేవ్ సేఫ్ అంటే డబ్బా కరగదు, వంకర పోదు, రసాయనాలు అనుమతించిన హద్దు దాటవు అన్నంతవరకే. ప్లాస్టిక్ కణాలు రాలవని అర్థం కాదు. 2023లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయం వాళ్ళు పిల్లల ఆహారం డబ్బాలనే మైక్రోవేవ్ ఓవెన్లో పెట్టి చూశారు. కొన్నిటిలో 3 నిమిషాల్లో ఒక చదరపు సెంటీమీటరు నుంచి 42 లక్షల మైక్రో కణాలు, 211 కోట్ల నానో కణాలు దాకా రాలాయి. అంతకుముందు 2020లో డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ వాళ్ళు పాలీప్రొపిలీన్ పాలసీసాలు చూస్తే లీటరుకి 1.6 కోట్ల కణాల దాకా, అదీ నీళ్ళ వేడి పెరిగేకొద్దీ. సంఖ్యలు చూసి భయపడకండి, కణాలు చాలా చిన్నవి, బరువులో అతి స్వల్పం. హాని సంగతికొస్తే, 2024లో మెడ రక్తనాళాల్లో పేరుకున్న కొవ్వు తీయించుకున్న రోగుల మీద ఒక అధ్యయనం వచ్చింది, కొవ్వులో ప్లాస్టిక్ కణాలు దొరికినవాళ్ళకి తర్వాత మూడేళ్ళలోపు గుండెపోటు, పక్షవాతం, మరణం, వీటిలో ఏదో ఒకటి జరిగే అవకాశం దొరకనివాళ్ళకంటే 4.5 రెట్లు ఎక్కువ కనిపించింది. ప్లాస్టికే కారణమని అది రుజువు చేయలేదు, రెండూ కలిసి కనిపించాయి, అంతవరకే.

ప్లాస్టిక్‌లోంచి తిండిలోకి ఏదైనా దిగడాన్ని పెంచేవి నాలుగు: వేడి, నూనె, పులుపు, ఎంతసేపు ఉందన్నది. చల్లటి పొడి వస్తువుకి ప్లాస్టిక్ డబ్బాతో పేచీ లేదు. వేడివేడి నూనె కూర, పైగా పులుపు, పైగా రాత్రంతా అంటే నాలుగూ కలిశాయి. బయటినుంచి వచ్చిన భోజనం వెంటనే స్టీలు గిన్నెలోకో పింగాణీలోకో తీసేయండి, వేడి చేయాలంటే గాజులో చేయండి. బాబు సీసాకైతే నీళ్ళు వేరే పాత్రలో కాచి, చల్లారాక అందులో పోయండి. పొడిపాలైతే మాత్రం క్రిములు చావాలి కాబట్టి, గాజు లేదా స్టీలు పాత్రలో వేడినీళ్ళతోనే కలిపి, గోరువెచ్చగా అయ్యాక సీసాలోకి వంపండి. గీతలు పడి తెల్లబారిన డబ్బాలు తీసేయండి.

లేబుల్_చదివేవాడు:
"బీపీఏ లేదు" అన్న లేబుల్ చూసి మురిసిపోకండి అని కూడా చేర్చండి. బీపీఏ అంటే కొన్ని గట్టి ప్లాస్టిక్‌ల తయారీలో వాడే రసాయనం. చాలాచోట్ల దాని బదులు వాడింది దాని చుట్టాలే, బీపీఎస్ లాంటివి. బీపీఏ విషయంలో ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో రోజుకి ఇంతవరకు పర్వాలేదన్న హద్దుని ఒక్కసారిగా 20,000 రెట్లు తగ్గించింది, మరుసటి ఏడాది చివర్లో ఆహారానికి తగిలే వస్తువుల్లో నిషేధం వచ్చింది. అన్నేళ్ళు "పర్వాలేదు" అన్నవాళ్ళే. ఇనుప డబ్బాల లోపలి పూతలో కూడా అదే ఉండేది, ప్లాస్టిక్ కాదుగా అని అటు మళ్ళినవాళ్ళు గమనించాలి.

పాలపిట్ట:
చాలా థాంక్స్ అండీ, ఇలా చెబితే అర్థమవుతుంది. ఇంకొక్కటి, కంపోస్ట్ అయ్యే ప్లాస్టిక్ అని రాసి ఉన్న గ్లాసులు, స్పూన్లు వస్తున్నాయి కదా, అవి మొక్కల కుండీలో వేయొచ్చా?

లేబుల్_చదివేవాడు:
వేస్తే అలాగే ఉంటాయి. అవి ఎక్కువగా పీఎల్ఏ, మొక్కజొన్న పిండి, చెరకు చక్కెరల నుంచి చేస్తారు. అది విరగాలంటే 60 డిగ్రీల దగ్గర వేడి, తేమ, వారాల తరబడి ఉండాలి, అంటే పెద్ద కంపోస్టు కేంద్రం. కుండీలో అంత వేడి రాదు, సముద్రంలో అసలు రాదు. పైగా చూడటానికి పెట్‌లాగే ఉంటుంది, పొరపాటున పెట్ సీసాల్లో కలిస్తే ఆ బ్యాచ్‌కి చేటు. మీ చుట్టుపక్కల అలాంటి కేంద్రం లేకపోతే అది మామూలు చెత్తే, కాస్త ఖరీదైన చెత్త.

మొండిఘటం:
చూశారా, అంతా తిప్పి మళ్ళీ మన నెత్తినే. మనం కడగాలి, మనం చదవాలి, మనం గిన్నె మార్చాలి. ఏటా 40 కోట్ల టన్నులకి పైగా ప్లాస్టిక్ తయారవుతోంది, అందులో మూడో వంతుకి పైగా ప్యాకింగ్‌కే, దాని గురించి ఒక్క మాట లేదు. తిలా పాపం తలా పిడికెడు అని పంచేసి తయారుచేసినవాడు మాత్రం హాయిగా ఉంటాడు. ప్లాస్టిక్ మీద ప్రపంచ ఒప్పందం అన్నారు, 2022లో నైరోబీలో చేద్దామనుకున్నారు, 2024 చివర్లో బూసాన్‌లో కుదరలేదు, 2025 ఆగస్టులో జెనీవాలోనూ కుదరలేదు. ఎక్కడ ఆగింది? తయారీకే హద్దు పెడదామని కొన్ని దేశాలు, చమురు దేశాలేమో చెత్త సంగతి చూసుకుంటే చాలని.

నీలిమేఘం:
ఈ ఒక్క పోస్టుకి మీకు లైక్ :) అయినా జనం చేతిలో ఏం లేదనకండి. సీసాకి డిపాజిట్ పెట్టిన చోట చూడండి, జర్మనీలో 2003లో పారేసే సీసాలకి పెట్టారు, ఇప్పుడు నూటికి 98 దాకా వెనక్కి వస్తున్నాయి. జనం రాత్రికి రాత్రి మంచివాళ్ళైపోయారా? సీసాకి విలువ కట్టారు, అంతే. ఏరేవాళ్ళ విషయంలోనూ అదే, విలువ ఉన్నది రోడ్డు మీద మిగలదు. నన్నడిగితే అసలు అడగాల్సింది ఆ చిప్స్ కవరుకి విలువ ఎవరు కట్టాలి అని, తయారుచేసినవాడే కట్టాలి.

పొరలుపొరలు:
కంపెనీ లోపలినుంచి చెబుతున్నా, చట్టం వస్తుందంటేనే అందరూ కదులుతారు. పొరలన్నీ ఒకే జాతి ప్లాస్టిక్‌తో చేసే కవర్లు ఎప్పటినుంచో సాధ్యమే. కొంచెం ఖరీదు, మెషీన్ కొంచెం నెమ్మదిగా నడపాలి, ఎందుకంటే అతికే వేడికీ కరిగే వేడికీ మధ్య తేడా తగ్గిపోతుంది. అడిగేవాడు లేనంతకాలం ఎవరూ నెమ్మదిగా నడపరు.

మోడరేటర్:
చర్చ బాగుంది. ఇద్దరు సభ్యులు కంపెనీల పేర్లు పెట్టి తిట్టిన పోస్టులు తీసేశాం. విషయం మీద ఉండండి.

వంటింటి_గోల:
అందరికీ ధన్యవాదాలు. మా ఆయనకి చూపించాను, సగం ఆయన గెలిచారట. ఇప్పుడు సూటిగా చెప్పండి, నేను ఏం కడగాలి, ఏం మానేయాలి?

పొరలుపొరలు:
1, 2 రకం సీసాలు, డబ్బాలు విడిగా పెట్టండి. 5 మీ దగ్గర తీసుకునేవాళ్ళుంటేనే. సబ్బు అక్కర్లేదు, గిన్నెలు కడిగిన నీళ్ళతోనే ఒకసారి తొలిపితే చాలు, తిండి అంటుకుని లేకుండా. అసలు కడగడం ఎందుకంటే మీ డబ్బాలో మిగిలిన సాస్ పక్కనున్న కాగితాన్ని కూడా పాడుచేస్తుంది. నల్ల ట్రేలు చెత్త ఏరే చాలా యంత్రాలకి కనిపించవు, ఆ నలుపులో వేసే మసి సెన్సర్ పంపే కిరణాన్ని పీల్చేస్తుంది, కాబట్టి వాటిని అసలు తెచ్చుకోకుండా చూడండి. చిప్స్ కవర్లు, సాచెట్లు కడగొద్దు, మామూలు చెత్తలో గట్టిగా ముడేసి వేయండి, ఎగరకుండా ఉంటే అదే మేలు. తెల్లటి థర్మోకోల్ గిన్నెలు కూడా అంతే, వాటిలో నూటికి తొంభై పైన గాలే, మోసుకెళ్ళే ఖర్చు కూడా రాదు.

వంటింటి_గోల:
సీసా మూతలు తీసేయాలా, ఉంచాలా? నేను తీసి వేరే డబ్బాలో పోగేస్తున్నాను.

పొరలుపొరలు:
తీసుకునేవాళ్ళు ప్రత్యేకంగా తీయమని చెబితే తప్ప ఉంచేయండి. సీసా పిండి గాలి తీసేసి మూత బిగించండి. రీసైకిల్ చేసే చోట అంతా కలిపి ముక్కలు చేసి నీళ్ళ తొట్టెలో వేస్తారు, పెట్ మునుగుతుంది, మూత పాలిథినో పాలీప్రొపిలీనో కనక తేలుతుంది, వాటంతట అవే విడిపోతాయి. విడిగా వేస్తే అంత చిన్న మూత జల్లెడలోంచి జారి చెత్తలోకి పోతుంది.